‘ఈవినింగ్ ప్రింట్‌కి వెళ్లిపోవాలి’: టీకా తాత్పర్య సహితము

అవతారిక

వ్యాఖ్యాతల్లో మల్లినాథసూరి మనవాడు. మెదక్ సీమలోని కొల్చారం ఆయన ఊరని ప్రసిద్ధి. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది పలకననీ మాటిచ్చి మరీ కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాశాడు. ఆ నియమానికి లోబడే ఈ చిరువ్యాఖ్య. ఆయన తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారు శృంగారనైషధ వ్యాఖ్యను సర్వంకష అన్నారు. మనం దీన్ని ‘నిద్రాభంజని’ అందాం. రాత్రి ఒంటిగంటకు కంప్యూటరు ముందు కూర్చున్న డిజైనరుకు ఇది అంకితం.

సందర్భం ఇది. హైదరాబాదులో ఒక పెద్ద బట్టల షాపు. రాబోయేది ఆషాఢం సేలు. కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింట ఉండే నెల, ముహూర్తాలు లేని నెల. బేరాల్లేని ఆ వెలితిని పూడ్చడానికి పుట్టిన డిస్కౌంట్లే ఇప్పుడు పండగంత అయ్యాయి. సేలు మూడు రోజుల్లో ఉందనగా షాపు మార్కెటింగ్ మేనేజరు పదకొండు మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఈ కింది చతుష్పదిని పెట్టాడు.

మూలము

ఫైనల్ పంపాను చూడండి
చిన్న చేంజెస్ అంతే
సార్ ఓకే అన్నారు
ఈవినింగ్ ప్రింట్‌కి వెళ్లిపోవాలి

ఛందస్సు

నాలుగు పాదాలున్నాయి గనుక పద్యమే. యతి లేదు. యతి అంటే విరామస్థానం. ఈ గ్రూపులో అది ఎవరికీ లేదు. పాదాంతాల్లో నమస్కారం బొమ్మలు ఉన్నాయని కొందరంటారు. అవి గణాల్లోకి రావు.

ప్రతిపదార్థము

ఫైనల్ = తరువాతిది వచ్చునంతవరకు చివరిదైన ప్రకటన నమూనాను; పంపాను = మెయిలులోనో, డ్రైవులోనో, వేరొక గ్రూపులోనో ఉంచితిని; చూడండి = మీలో ఎవరో ఒకరు చూడుడు (ఎవరని అడుగరాదు); చిన్న = చెప్పుటకు మాత్రమే చిన్నవైన; చేంజెస్ = చీర రంగు, డిస్కౌంటు శాతము, సేలు తేదీ, బ్రాంచీల జాబితా అనునవి; అంతే = ఇప్పటికి గుర్తుకు వచ్చినవి ఇవియే; సార్ = పెద్ద సారు, చిన్న సారు, పెద్ద సారు అల్లుడుగారు, వీరిలో ఒకరు; ఓకే అన్నారు = కారెక్కుచు తల ఊపినారు; ఈవినింగ్ = సూర్యాస్తమయము మొదలు మరునాటి సూర్యోదయము వరకుగల కాలమున; ప్రింట్‌కి = ఫ్లెక్సు ప్రెస్సునకు, దినపత్రికకు, కరపత్రముల ప్రెస్సునకు; వెళ్లిపోవాలి = తనంతట తానే పోవలయును.

అన్వయము

ఇక్కడే వ్యాఖ్యాతకు చెమట పట్టింది. ‘పంపాను’కు కర్త మేనేజరు. ‘చూడండి’కి కర్త మీరు, అంటే ఎవరూ కాదు. ‘అన్నారు’కు కర్త సారు. అసలు పని మిగిలి ఉన్న ‘వెళ్లిపోవాలి’కి మాత్రం కర్త లేడు. కర్తను చెప్పకుండా వాక్యం నడిపే వెసులుబాటు తెలుగుకు ఉంది; సందర్భమే పూరిస్తుంది. కానీ ఈ సందర్భంలో పదకొండు మంది ఉన్నారు. మిగతా పదిమందిలో ఎవరో ఒకరు పంపుతారని పదకొండు మందీ నిశ్చింతగా ఉన్నారు. సాయంత్రం ప్రెస్సువాడు ఫోను చేసి “ఫైలేదండీ?” అన్నప్పుడు గాని ఈ దోషం బయటపడలేదు.

కనుక ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ శాస్త్రానికి ఇది ప్రథమ సూత్రం: ప్రతి క్రియకూ ఒక కర్త, ఒక కర్మ, ఒక కాలం. చేసేవాళ్లు పదిమంది ఉండొచ్చు. జవాబుదారు మాత్రం ఏకవచనంలోనే ఉండాలి.

అలంకారము, ధ్వని

‘చిన్న చేంజెస్’ అన్నది పైకి స్వభావోక్తిలా కనిపించినా నిజానికి తలకిందుల అతిశయోక్తి: కొండను ఆవగింజ అనడం. ఇందులో ధ్వని ఏమంటే, శాతం ఒక్కటి మారినా అది ఉన్న చోట్లన్నీ మారాలి. హోర్డింగు, పత్రిక ప్రకటన, కరపత్రం, షాపు గుమ్మం దగ్గరి స్టాండీ, ఇన్‌స్టా పోస్టు, అప్పటికే గొంతు రికార్డయిపోయిన ఎఫ్‌ఎం స్పాటు. కాపీ రాసేవాళ్లు యూనికోడ్‌లో రాస్తారు. డిజైనర్లలో చాలామందికి యూనికోడ్ కాని అను ఫాంట్లు అలవాటు. ఒక మాట మారినా మళ్లీ కన్వర్టు చేయాలి, మళ్లీ ప్రూఫు చూడాలి. ‘పట్టు’లో ట వత్తు జారితే షాపులో పటు చీరలే మిగులుతాయి.

‘సార్ ఓకే అన్నారు’లో శ్లేష ఉంది. చూసి ఓకే, చూడకుండా ఓకే, తరవాత చూస్తానన్న ఓకే అని మూడర్థాలు. మొదటి అర్థంలో డిజైనరు ప్రింటుకు పంపుతాడు. మూడో అర్థంలో సారు రాత్రి పదింటికి ఫోను చేస్తారు. లిఖితపూర్వకంగా లేని ఆమోదం శ్లేష కాకుండా ఉండదు.

పాఠాంతరములు

‘ఫైనల్’ అన్న పేరుతో దొరికిన ప్రతులు ఇవి: ఫైనల్, ఫైనల్ న్యూ, ఫైనల్ ఫైనల్, ఫైనల్ సార్ కరెక్షన్, లాస్ట్ ఫైనల్ ఓకే. మొదటి ప్రతిలో 30 శాతం, నాలుగో ప్రతిలో 50 శాతం, అయిదో ప్రతిలో మళ్లీ 30. వేమన పద్యాలకు ఊరూరా దొరికిన తాళపత్రాలు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, పాఠాలు పోల్చి 1829లో అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్‌కు కూడా ఇక్కడ పాఠనిర్ణయం కష్టమే. బ్రౌన్ చేతికొచ్చిన ప్రతులు వేర్వేరు ఊళ్లలో వేర్వేరు లేఖకులు రాసినవి. వీటిని రాసింది ఒక్కడే, ఒక్క మధ్యాహ్నంలో.

ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. హోర్డింగు మీద ఒక శాతం, కొట్లో మరో శాతం ఉంటే అది తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వచ్చే ప్రమాదం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అలాంటి ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయగలదు; మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఫైలు పేరులో తేదీ, వరస నంబరు పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

విశేషములు

ఆషాఢం ఆకస్మికంగా రాదు. ఉగాదికి కొన్న పంచాంగంలోనే తేదీ ఉంటుంది. 2025లో జూన్ చివరివారంలో మొదలవుతుందనీ, 2026లో అధిక జ్యేష్ఠం పడినందున జూలై మధ్యకు జరుగుతుందనీ సిద్ధాంతిగారు ముందే లెక్కగట్టి పెట్టారు. మార్కెటింగ్ మేనేజరు అదే లెక్కను వెనక నుంచి కట్టాలి. సేలు మొదటిరోజుకు హోర్డింగు నిలబడాలంటే అంతకు ముందు ఫ్లెక్సు అచ్చవ్వాలి, దానికి ముందు డిజైను ఖరారు కావాలి, దానికి ముందు ఫొటోషూటు, దానికి ముందు ధర్మవరం నుంచో పోచంపల్లి నుంచో చీరలు దిగాలి. బోనాల ఆదివారాలు కూడా ఆ నెలలోనే ఉన్నాయని, ఆ రోజుల్లో ఫ్లెక్సు కట్టే కుర్రాళ్లు దొరకరని ఈ లెక్కలో రాసుకోవాలి.

ఇలా ఒకదాని మీద ఒకటి ఆధారపడిన పనుల వరసల్లో అన్నిటికంటె పొడుగైనది ఏదో అదే ముగింపు తేదీని నిర్ణయిస్తుంది. మిగతా చోట్ల ఎంత తొందరపడినా తేదీ ముందుకు రాదు. 1950ల చివర్లో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ కర్మాగారాల పనుల కోసం రూపొందించిన క్రిటికల్ పాత్ పద్ధతి సారం ఇంతే. మన షాపులో ఆ పొడుగైన వరస ఎక్కడుంది? డిజైనరు దగ్గర లేదు. డిస్కౌంటు ఎంతో తేల్చని సారుగారి బల్ల మీద ఉంది. శాతం తేలేదాకా కాపీ కదలదు, కాపీ రానిదే డిజైను కదలదు. డిజైనరు నాలుగు రాత్రులు మేలుకున్నా ఆ బల్ల మీది కాగితం ఒక్క అంగుళం జరగదు. అయినా ఆలస్యానికి తిట్లు పడేది డిజైనరుకే.

ఈ ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ శాస్త్రం అందరికంటె మార్కెటింగ్ వాళ్లకే ఎందుకు అవసరమో కూడా చెప్పాలి. ఒకటి, వాళ్ల గడువు జరిపితే జరిగేది కాదు. సేలు అయిపోయాక వెలిసిన హోర్డింగును ఎవరూ చూడరు. రెండు, పనిలో సగం బయటివాళ్ల చేతిలో ఉంటుంది: ఏజెన్సీ, ప్రెస్సు, పత్రిక, ఫొటోగ్రాఫరు. మూడు, అకౌంటెంటును బాలెన్స్ షీటులో రంగు మార్చమని ఎవరూ అడగరు; ప్రకటన విషయంలో మాత్రం సారుగారి తోడల్లుడికి కూడా అభిప్రాయం ఉంటుంది.

పూర్వపక్షము, సిద్ధాంతము

“ఇది సృజనాత్మకమైన పని, టైంటేబుల్లో ఇమడదు” అని మొదటి ఆక్షేపం. సమాధానం: అష్టావధానాన్ని చూడండి. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి అంటూ ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చొప్పున అవధాని పూరించుకుంటూ పోతాడు. నాలుగు ఆవృత్తులయ్యాక ధారణ. సభను నడపడానికి సంచాలకుడు వేరే ఉంటాడు. అన్నిటికంటె గొప్ప ఏర్పాటు అప్రస్తుత ప్రసంగం. అడ్డు తగలక మానరని గ్రహించిన పెద్దలు ఆ పనికి ఒకే ఒక్కణ్ని నియమించారు. మార్కెటింగ్ గ్రూపులో అందరూ అప్రస్తుత ప్రసంగమే చేస్తారు, సంచాలకుడు ఉండడు, చివర్లో ధారణ మాత్రం డిజైనరును అడుగుతారు. కనుక ఆక్షేపం నిలవదు. ఆశువుగా పద్యం చెప్పేవాడికే అంత కట్టుదిట్టం కావలసి వస్తే, హోర్డింగు వేసేవాడికి అక్కర్లేదా?

“ఆలస్యమైతే ఇంకో ఇద్దరు డిజైనర్లను పెడదాం” అని రెండోది. ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేర్ పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో వెలువడిన తన పుస్తకంలో దీన్ని ఖండించాడు. అప్పటికే ఆలస్యమైన పనికి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఆయన తీర్పు. నలుగురున్నచోట ఇద్దరిద్దరు మాట్లాడుకునే దారులు 6, ఎనిమిదిమందైతే 28. కొత్తవాడికి ఏ ఫైనల్ అసలు ఫైనలో చెప్పడానికే ఒక పూట పడుతుంది.

“ట్రెల్లో కొన్నాం, ఆసనా కొన్నాం, అన్నీ సర్దుకుంటాయి” అని మూడోది. ఈ యాప్‌ల బోర్డు మీద పనుల కార్డులు అతికిస్తే పని జరగదు. ఆ కార్డుల మూలం టయోటాలో తైచీ ఓనో నడిపిన కాన్‌బాన్ పద్ధతి. తరవాతి దశకు కావలసినప్పుడు, కావలసినంతే ముందు దశ తయారుచేయాలన్నది దాని నియమం. చేతిలో ఉన్న పనికి హద్దు పెట్టకుండా కార్డులు మాత్రమే తెచ్చుకున్నవాళ్లకు మిగిలేది రంగురంగుల ఆలస్యం.

“చిన్న షాపు, దీనికో మనిషిని ఎక్కడ పెట్టగలం?” అని నాలుగోది. పెట్టనక్కర్లేదు. ఇది ఉద్యోగం కంటె ముందు ఒక బాధ్యత. ఉన్నవాళ్లలోనే ఒకరు రోజూ పొద్దున అరగంట కూర్చుని మూడు ప్రశ్నలు అడగాలి: నిన్న ఏది పూర్తయింది, ఇవాళ ఏది ఎవరిది, ఏది ఎవరి దగ్గర ఆగింది. మూడో ప్రశ్న సారుని కూడా అడగగల ధైర్యం ఆ మనిషికి ఉండాలి. ఆ ధైర్యాన్ని సారే ఇవ్వాలి.

తాత్పర్యము

మేనేజరు పంపింది పని కాదు, పని గురించిన ఆశ. ఏది చివరి ప్రతో తెలియదు, ఏమేమి మారాలో తెలియదు, ఎవరు ఒప్పుకున్నారో తెలియదు, ఎవరు పంపాలో తెలియదు. తెలిసింది ఒక్కటే, తొందరగా కావాలని.

శుద్ధపాఠము

పరిష్కర్త పదే పదే పోల్చి నిర్ణయించిన పాఠం ఇది:

ఆషాఢం హోర్డింగు, 20×10 అడుగులు, 5వ ప్రతి. మార్పు ఒకటే: 50 శాతం తీసేసి 30. ఆమోదించినది పెద్ద సారు, నిన్న మెయిలులో. ప్రూఫు చూసేది కాపీ రాసిన అమ్మాయి, ఇవాళ 3 గంటలకు. ప్రెస్సుకు పంపేది డిజైనరు, 5 గంటలకు. ఆ తరవాత వచ్చే మార్పులు వచ్చే సేలుకు.

ఇందులో రసం లేదు, ధ్వని లేదు, శ్లేష అసలే లేదు. కవిత్వంగా ఇది సున్నా.

ఫలశ్రుతి

దీన్ని చదివి ఆచరించినవారికి ప్రమోషన్ వస్తుందని హామీ ఇవ్వలేం. కానీ డిజైనరు ఆదివారం ఇంట్లో ఉంటాడు, ప్రెస్సువాడు రెట్టింపు రేటు అడగడు, హోర్డింగు మీద ఉన్న శాతమే బిల్లు మీదా ఉంటుంది. కావ్యానికి వ్యాఖ్య ఎంత పెద్దదైతే అంత గొప్ప. పని చెప్పే వాక్యానికి మాత్రం వ్యాఖ్య అవసరం పడిందంటే, రాసినవాడు పని సగమే చేశాడన్నమాట.