ఇల్లు సర్దడం మానేయండి

ఇస్నాపూర్ చౌరస్తా నుంచి పాశమైలారం దాకా ఉన్న కాలనీల్లో, ఒకే కప్పు కింద పది పన్నెండు మంది ఉండే క్రైస్తవ కుటుంబాలకు ఈ మాటలు. ఒకరిది ఏ షిఫ్టు, ఒకరిది బీ, ఒకరిది సీ, కోడలిది జనరల్ డ్యూటీ. ఇలాంటి ఇంటిని పద్ధతిలో పెట్టాలని చూస్తే మనుషులు దూరమవుతారు. కాబట్టి పద్ధతినే వదిలేయండి.

టైమ్ టేబుల్ గోడకు అంటించకండి. షిఫ్టు వారం వారం మారుతుంది, కాగితం మారదు. చార్టు చూసుకునే ఇంట్లో "పెద్దోడు లేచిండా? తిన్నడా?" అని అడిగేవాళ్లు కూడా ఉండరు. ఆ అడగడం ఇంట్లోంచి పోనివ్వకండి.

పనులు పంచుకోకండి. వంట నీది, అంట్లు నావి అని యారాళ్లు గీత గీసుకున్న రోజే లెక్కలు మొదలవుతాయి. ఎవరు మెలకువగా ఉంటే వాళ్లే చేయాలి. ఒకరి మీదే భారం పడుతుందంటారా? పడుతుంది. అది కనిపెట్టి కొంగు బిగించి లేవాల్సింది అత్తమ్మ.

బైబిళ్ల మీద పేర్లు రాయకండి. దీనికి మా సంఘంలో చాలామంది ఒప్పుకోరు, నేనూ వదలను. "నా బైబిలు ఏది?" అనే అరుపులతోనే ఆదివారం పొద్దున సగం గడిచిపోతుంది. అన్నీ ఒకే బల్ల మీద ఉంచండి, చేతికందింది తీసుకుని చర్చికి పొండి. ఒక వారం మీ చేతికి మరిది బైబిలు వస్తుంది. ఏ కీర్తన కింద పెన్నుతో గీశాడో, పక్కన ఏ తేదీ వేసుకున్నాడో చూస్తారు. కాంట్రాక్టు తీసేసిన నెలలో ఆ పిల్లగాడు ఇంట్లో ఒక్క మాట అని ఉండడు. ఆ గీత చూశాక కూరలో ఒక ముక్క ఎక్కువ వేస్తారు. పేర్లు రాసి ఉంటే ఆ పేజీ మీరు తెరిచేవారే కాదు.

కుటుంబ ప్రార్థన రోజుకు ఒక్కసారే అన్న పట్టు వదలండి. ఏ షిఫ్టు వాళ్లు ఆరింటికల్లా లోపల ఉండాలి. సీ షిఫ్టు వాళ్లు అప్పుడే బయటికొస్తారు. బీ షిఫ్టు వాళ్లు రాత్రి పదింటికి దిగి ఇల్లు చేరేసరికి పదకొండు. అందరూ ఇంట్లో ఉండే ఘడియే లేదు. అందుకే తెల్లారుజామున నాలుగున్నరకు, పొద్దున ఏడింటికి, రాత్రి పదకొండింటికి అన్నం ముందు, మూడుసార్లు పెట్టండి. ఐదేసి నిమిషాలు చాలు. ఇంటి పెద్ద మూడుసార్లూ కూర్చోవాలి. నిద్ర చాలకపోతే మధ్యాహ్నం పడుకోవాలి, ఇల్లు ఊడవకపోయినా సరే.

మదర్స్ డే ప్రసంగాల్లో సూసన్నా వెస్లీని క్రమశిక్షణకు ఆదర్శంగా చెబుతుంటారు. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే ఊరి పాదిరి భార్య. 19 మందిని కన్నది, దక్కింది పదిమందే. పిల్లలు ఎప్పుడు పడుకోవాలో, ఎంత మెల్లగా ఏడవాలో కూడా ఆమె నియమం పెట్టింది. ఆ నియమాలు మనకొద్దు. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చునేది, అదొక్కటే తీసుకోండి. గురువారం కొడుకు జాన్‌ది. పెరిగి పెద్దయ్యాక కూడా అతను ఆ గురువారాల గురించి తల్లికి ఉత్తరంలో రాశాడు. ఆ జాన్ వెస్లీ మెథడిస్టు ఉద్యమం నుంచే మిషనరీలు మన మెదక్‌కు వచ్చారు. వాళ్లలో ఒకరైన పోస్నెట్ దొర కట్టించిన మెదక్ చర్చిని 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. 1947లో ఇక్కడి మెథడిస్టు సంఘాలు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో కలిశాయి. ఆ లెక్కన ఈ ప్రాంతపు సీఎస్ఐ ఇళ్లకు సూసన్నా వరసకు అవ్వ అవుతుంది. మీ ఇంట్లో గురువారం ఎవరిదో ఇవాళే తేల్చుకోండి. బియ్యం డబ్బా మూత ఎక్కడుందో తర్వాత వెతుక్కోవచ్చు.

ఆగకుండా నడిచే ప్లాంట్లలో వీక్లీ ఆఫ్ ప్రతిసారీ ఆదివారమే రాదు. ఆరాధన పోతుందని సూపర్‌వైజర్‌తో కొట్లాడకండి. లైన్‌లో పక్కనున్న బీహారు తమ్ముడికి ఛఠ్ పండుగ రోజు, ఒడిశా తమ్ముడికి రథయాత్ర రోజు వాళ్ల డ్యూటీ మీరు చేయండి. మట్టల ఆదివారానికి, క్రిస్మస్‌కు మీ డ్యూటీ చేయమని వాళ్లను అడగండి.

కాగితం వద్దన్నాను కానీ ఒక్కటి ఉండాలి. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. తమ మనిషి ఏమయ్యాడో తెలియక కుటుంబాలు రోజుల తరబడి తిరిగాయి, గుర్తుపట్టలేని దేహాలకు డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. అందుకే తలుపు వెనకాల, పిల్లలకు కూడా అందే ఎత్తులో, ఒక కాగితం పెట్టండి. ఎవరు ఏ కంపెనీ, ఏ బ్లాకు, ఈ వారం ఏ షిఫ్టు, కాంట్రాక్టర్ పేరు, సూపర్‌వైజర్ నంబరు, వెంట పనిచేసే ఒకరి నంబరు పెద్ద అక్షరాలతో రాయండి. డ్యూటీ మారితే ముందు దాన్ని దిద్దాలి, ఆ తర్వాతే టిఫిన్ డబ్బా చేతికివ్వాలి.