చచ్చిన ఫ్రిజ్‌లో పొగచేప: పైసా ఖర్చు లేని పద్ధతి

కంప్రెసర్ పోయిన ఫ్రిజ్‌ను పాతసామాన్లవాడికి వచ్చినకాడికి ఇచ్చేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది. తలుపుంది, అరలున్నాయి, నిప్పులు పోసుకోవడానికి అడుగున చోటుంది. చేపకూ కోడికీ పొగ పెట్టడానికి ఇంకేం కావాలి? కొత్త స్మోకర్ కొంటే వేలు పోతాయి. పైగా దాంతోపాటు వచ్చే పుస్తకం చదవాలి. ఇలా చేస్తే ఆ రెండు బాధలూ తప్పుతాయి.

1. ముందు ఫ్రిజ్ సంపాదించండి. మేనత్తగారి వరండాలో దుప్పటి కప్పి ఒకటి పడే ఉంటుంది. “రిపేరు చేయించి పంపిస్తానత్తా” అని ఎత్తుకొచ్చేయండి. ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా “పార్టు బెంగళూరు నుంచి రావాలట” అనండి. బెంగళూరు పేరు చెప్తే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.

2. వెనకున్న గొట్టాలు హాక్సా బ్లేడుతో కోసేయండి. మెకానిక్‌ను పిలిచి గ్యాసు తీయించాలని పెద్దలు చెప్తారు. వాళ్లకేం, మెకానిక్‌కు డబ్బులిచ్చేది మీరు, టీ పోసేది మీరు. బాగా పాత ఫ్రిజ్ అయితే అందులో ఉండేది ఆర్12. ఓజోన్ పొరను తినేస్తోందని 1987లో మాంట్రియల్‌లో చాలా దేశాలు కూర్చుని ఇలాంటి వాయువులను వదిలించుకోవాలని ఒప్పందం రాసుకున్నాయి. మీరు చేస్తున్నదీ వదిలించుకోవడమే. ఈమధ్య ఫ్రిజ్ అయితే ఆర్600ఎ, అంటే ఐసోబ్యూటేన్, భగ్గున మండే రకం. కోసేటప్పుడు సిగరెట్టు అలవాటున్న బావమరిదిని పక్కన నిలబెట్టుకుంటే లోపల ఏది ఉందో వెంటనే తేలిపోతుంది. బాల్కనీ గచ్చు మీద కారిన కంప్రెసర్ నూనె గురించి ఎవరైనా అడిగితే వాచ్‌మన్ పేరు చెప్పండి.

3. ఈ పనికి గుండెకాయ ఇదే, జాగ్రత్తగా చదవండి. లోపలి ప్లాస్టిక్ తొడుగును ముట్టుకోవద్దు. పని తెలిసినవాళ్లు ఆ తొడుగు, దాని వెనకున్న పాలియురెథేన్ నురగ, తలుపు రబ్బరు మొత్తం పీకేసి, ఉత్త ఇనుప డొల్ల మిగుల్చుకుని, లోపల స్టీలు రేకు కొట్టిస్తారు. అదంతా ఒళ్లొంచి చేసే పని. మీకెందుకు? ఆ ప్లాస్టిక్ వంద డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుంది, కోడికి పెట్టే పొగ వేడి దాదాపు అంతే. అంటే మీకు థర్మామీటరు ఉచితంగా దొరికినట్టే! గుడ్ల అర ముందుకు వంగిందంటే వేడి అందింది. వెనక గోడ పొక్కులెక్కి, ఒక పొక్కు చిట్లి, లోపలి పసుపు నురగ అంచులు నల్లబడుతూ కనిపించిందంటే ముక్కలు తిప్పే వేళైంది. ఆ నురగ కాలితే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సయనైడు వస్తాయని భయపెడతారు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, కాబట్టి మీ మసాలా ఘుమఘుమకు వచ్చే లోటేమీ లేదు.

4. కట్టె కొనకండి. మామిడి, జామ, చింత అని చాదస్తులు వెతుక్కుంటారు. కింద ఫ్లాటులో ఇంటీరియర్ పని జరుగుతుంటే ప్లైవుడ్ ముక్కలు గోనెసంచుల్లో నింపి గేటు దగ్గర పెడతారు. చీకటిపడ్డాక తెచ్చుకోండి. ఫార్మాల్డిహైడ్ జిగురుతో అతికించిన పొరలు బ్రహ్మాండంగా పొగ చిమ్ముతాయి. వార్నిష్ ఉన్నవైతే చేపకు నిగనిగలాడే రంగు దానంతటదే వస్తుంది.

5. అరలు మార్చొద్దు. పాతకాలపు ఫ్రిజ్‌ల కమ్మీ అరలకు కొన్నిటికి కాడ్మియం పూత ఉండేది. పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది. అందుకే నిమ్మరసం ధారాళంగా పిండండి. ఖనిజాలు ఒంటికి మంచివని టీవీలో రోజూ చెప్తూనే ఉన్నారు.

6. పొగ బయటికి పోయే దారి పెట్టకండి. కష్టపడి పుట్టించిన పొగను వదిలేసుకోవడం ఏమిటి? లోపలే మగ్గితే చేప చేదెక్కుతుంది. అడిగితే “కాకరకాయ ఫ్లేవర్” అనండి.

7. ఉడికిందో లేదో చూడ్డం. కోడి ముక్క లోపల 74 డిగ్రీలకు చేరాలన్నది నియమం. గోరువెచ్చని అరలో గంటలకొద్దీ వేలాడితే సూక్ష్మజీవులు పెళ్లిపందిరి వేసుకుంటాయట. ఎవరో పట్టుబట్టి థర్మామీటరు తెచ్చిస్తే దాన్ని ముక్కలో గుచ్చకండి, నిప్పుల దగ్గర పెట్టండి. 74 ఏం ఖర్మ, అంతకు రెట్టింపు చూపిస్తుంది. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి.

8. అసోసియేషన్ వాళ్లు తలుపు కొడతారు. పై అంతస్తు ఆవిడ ఆరేసిన పట్టుచీర గురించి అరుస్తూ ఉంటుంది. నుదుట విభూతి పెట్టుకుని తలుపు తీయండి. “గణపతి హోమం అండీ, పూర్ణాహుతి అయిపోవచ్చింది” అనండి. చేతులు జోడించి వెళ్లిపోతారు. ఏ సెక్రెటరీగారో ముక్కు ఎగబీల్చి “చేప వాసనొస్తోందేంటి?” అంటే ఏమీ మాట్లాడకండి. పక్క ఫ్లాటు వైపు ఒకసారి చూసి నిట్టూర్చండి, చాలు.

9. మొదటి పళ్లెం మీరు తినకండి. అది మర్యాద కాదు. నెలరోజులుగా కదలని చుట్టాలుంటే వాళ్లకు వడ్డించండి. పొమ్మనలేక పొగబెట్టడం మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టారు, మీరు దానికి ఉప్పూకారం జోడిస్తున్నారు. రాత్రికి కడుపులు పట్టుకుంటే మధ్యాహ్నం తిన్న పెరుగు పులిసిందని వాదించండి. వాదన నెగ్గకపోతే ఓఆర్ఎస్ పొట్లాలు ముందే తెచ్చిపెట్టానని చెప్పి మంచిపేరు కొట్టేయండి.

10. ఇక ఫ్రిజ్ సంగతి. దసరాకు ఎక్స్ఛేంజ్ ఆఫర్లు వస్తాయి. “ఏ కండిషన్‌లో ఉన్నా తీసుకుంటాం” అని పేపర్లో వేస్తారు, ఆ కటింగ్ దాచుకోండి. తలుపుకు నాలుగు వరసలు టేపు చుట్టి, ఆ టేపు మీద పసుపుకుంకుమ పెట్టండి. ఆయుధపూజ చేసినదాన్ని విప్పడానికి ఎవరికీ చెయ్యి రాదు. వచ్చిన కుర్రాళ్లకు మెట్ల దాకా నిండు కాఫీ గ్లాసులు అందించండి. దించేటప్పుడు లోపల ఏదో దొర్లిన చప్పుడైతే ఐస్ ట్రే అని చెప్పి, లిఫ్టు తలుపు మీరే మూసేయండి.