తాటిపాక తీర్పు

అమెరికా సంకెళ్లు వేసి మరీ 104 మంది మనవాళ్లను సైనిక విమానంలో తెచ్చి 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో దింపింది. తాటిపాక సెంటర్‌లో టీ కొట్టు దగ్గర వెంటనే తీర్పు వెలువడింది.

‘ఆయ్, చట్టమంటే అలాగుండాలండి! దొంగదారిన వెళ్లినోణ్ని వదలకూడదు.’

‘మరి మీ బావమరిది కువైట్‌లో అకామా లేకుండానే ఉంటున్నాడు కదండీ బావగారూ?’

‘ఆడి సంగతి వేరండి. ఆడు కష్టపడుతున్నాడు.’

అకామా, అంటే నివాస అనుమతి, లేనివాళ్లకు 2024లో కువైట్ క్షమాభిక్ష ఇచ్చింది. మార్చి 17న మొదలెట్టి, గడువు పెంచి, జూన్ 30 దాకా తలుపు తెరిచే ఉంచింది. బావమరిదికి తీరిక దొరకలేదు.

మన చట్టం మాత్రం తక్కువదా? ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన పాస్‌పోర్టున్న ఆడవాళ్లు 30 ఏళ్లు నిండకుండా గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లకూడదంటుంది. అందుకని మన చెల్లెమ్మలు విజిట్ వీసా మీద చుట్టపుచూపుగా వెళతారు. రెండేళ్లపాటు అంట్లు తోమి, పిల్లల్ని ఎత్తుకుని, జీతం అడిగితే తిట్లు తినే చుట్టరికం! పాస్‌పోర్టు పని చేయించుకునే సేటు బీరువాలో భద్రం.

పట్టుబడితే సంకెళ్లు ఆమెకే. పంపిన ఏజెంటు టీ కొట్టులో పక్క బల్ల మీదే ఉన్నాడు. చట్టం గట్టిగా అమలు కావాలని అందరికంటే గట్టిగా అన్నదీ, అందరి టీ డబ్బులూ ఇచ్చిందీ ఆయనే.

లైసెన్సు ఉన్న ఏజెంటు సర్వీసు చార్జీ కింద తీసుకోవాల్సింది గరిష్ఠంగా 30 వేలు, దానిపైన జీఎస్టీ. రసీదు ఇచ్చి తీరాలి. ఆ టీ తాగినవాళ్లు ఈసారి ఆయన్ను రసీదు అడగండి.