తుపాకికి ఆషాఢం

ఎన్నికల షెడ్యూలు రాగానే ఊళ్ళో అందరూ టికెట్ ఎవరికొస్తుందని ఆరా తీస్తారు. మా ఇంట్లో మాత్రం అమ్మ పాత దుప్పటి వెతుకుతుంది. తాతయ్య తుపాకిని చుట్టడానికి.

కొత్త కోడలు ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళినట్టు, మా తుపాకి ప్రతి ఎన్నికలకీ డిపాజిట్ కింద పోలీస్ స్టేషనుకి వెళ్తుంది. కోడలైతే నెల తిరక్కుండా వచ్చేస్తుంది. 2024లో మార్చి 16న షెడ్యూలు వస్తే, జూన్ 4న గానీ ఓట్లు లెక్కపెట్టలేదు. ఎనభై రోజులు. 2021 సంగతైతే చెప్పక్కర్లేదు. ఏప్రిల్ 8న వేసిన పరిషత్ ఓట్లని సెప్టెంబరు 19న లెక్కించారు. “లెక్కింపు అయిపోనివ్వండి సార్, ఎక్కడికి పోతుంది” అన్నాడు స్టేషన్ రైటర్. ఎక్కడికీ పోదు, నిజమే. మా తుపాకి నడిచే వయసు ఎప్పుడో దాటింది.

పన్నెండు బోరు, జోడు గొట్టాలు. గొట్టం మీద బర్మింగ్‌హామ్ అని చెక్కి ఉంటుంది. కుడి ట్రిగ్గరు పాలపన్నులా ఊగుతుంది, ఎడమది అసలు కదలదు. మడమకి ఒక పక్క చెదలు తినేస్తే నాన్న వడ్రంగి చేత టేకు ముక్క అతికించారు. ఏటా దసరాకి కుట్టుమిషన్ నూనెతో తుడిచి, గొట్టానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, స్కూటరుకీ వెట్ గ్రైండరుకీ మధ్య నిలబెట్టి పూజ చేస్తాం. దానికి తోడు రెండు తూటాలు. కాగితం చుట్టు ఉన్నవి, కొల్లేటి చెమ్మకి ఉబ్బి సున్నుండల్లా తయారయ్యాయి. గొట్టంలోకి దూరవు. దూరినా పేలవు. పేలినా ఎటు పేలతాయో చెప్పలేం.

పోయినసారి డిపాజిట్ చేయడానికి వెళ్ళినప్పుడు రైటర్ దాన్ని ఎత్తి, ఓ కన్ను మూసి చూశాడు.

“పేలుతుందాండీ?”

“పేలదండి.”

“పేలనిదాన్ని డిపాజిట్ చేయడం ఎందుకండీ?”

“లైసెన్సు ఉంది కదండీ.”

“పేలనిదానికి లైసెన్సు ఎందుకండీ?”

“డిపాజిట్ చేయడానికేనండి.”

ఆయనకి ఈ జవాబు నచ్చింది. రశీదులో రాశాడు: తుపాకి ఒకటి, తూటాలు రెండు, బ్రాకెట్లో ఉబ్బినవి. కాసేపు ఆలోచించి, దుప్పటి ఒకటి అని కూడా చేర్చాడు. ప్రభుత్వం అంటే అలా ఉండాలి.

ఆయన ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, మరమ్మతు చేసినా చేయకపోయినా ఇక పేలే ప్రసక్తే లేని పాత కాలపు తుపాకికి ఆ చట్టం వర్తించదు. భేషైన మాట. కానీ మరమ్మతు చేస్తే పేలుతుందో లేదో చెప్పేదెవరు? మరమ్మతు చేసి చూడాలి. చూస్తే పేలిందనుకోండి, చట్టం వర్తిస్తుంది. పేలలేదనుకోండి, సరిగ్గా మరమ్మతు చేయలేదంటారు. అందుకని మేం ఆ సెక్షన్ జోలికి పోలేదు. ఫీజు కట్టుకుంటూ వస్తున్నాం.

ఇంతకీ ఈ తుపాకి చేసిన ఘనకార్యం ఏమిటి? మా వంశంలో పిల్లలకి పాలతో పాటు పట్టే కథ ఒకటుంది. తాతయ్య ఊరి మునసబు. ఈ తుపాకి భుజాన వేసుకుని నడిస్తే తెల్లదొరలే గడగడలాడేవారట. నేనూ యాభై ఏళ్ళు నమ్మాను. నాన్న పోయాక లైసెన్సు మార్పిడి కోసం పాత కాగితాలు తీస్తే, ట్రంకు పెట్టె అడుగున తాతయ్య మొదటి లైసెన్సు దొరికింది. దానిమీద సంతకం గడగడలాడిన దొరదే. సంతకం మాత్రం ఏమీ వణకలేదు.

అసలు ఆ రోజుల్లో తుపాకి ఎవరికిచ్చేవారు? 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఒకే ఏడు రెండు పనులు చేశాడు. దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం ఒకటి, భారతీయుల చేతిలో ఆయుధం లేకుండా చేసే చట్టం ఒకటి. యూరోపియన్లకి మినహాయింపు. మనవాళ్ళకి కావాలంటే కలెక్టరు దగ్గర దరఖాస్తు. ఆ దరఖాస్తు నెగ్గాలంటే ఉండాల్సిన అర్హత ఒక్కటే: వీడివల్ల మనకేం ప్రమాదం లేదు అని దొరకి అనిపించాలి. అంటే మా గోడమీద ఇన్నాళ్ళూ వేలాడింది పౌరుషం కాదు, సత్ప్రవర్తన సర్టిఫికెట్. పాపం తాతయ్య దాంతో కాల్చినవి కొల్లేటి పరజ పిట్టలు. అవి సైబీరియా నుంచి వచ్చాయి కాబట్టి విదేశీయుల మీద కాల్పులు జరిపాడని కావాలంటే చెప్పుకోవచ్చు.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చి వేటకి పగ్గాలు వేసింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల ఉద్యోగాలు తీసేసింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. తుపాకికి పిట్టా పోయింది, పెత్తనమూ పోయింది, చెరువూ పోయింది. మిగిలింది రెన్యువల్ ఒక్కటే.

తాతయ్య పోయిన పదకొండో రోజున ఈ తుపాకి కోసం నాన్నకీ బాబాయిలకీ కత్తులు దూసుకున్నంత పనైంది. పొలం పంచుకున్నారు, ఇత్తడి బిందెలు పంచుకున్నారు, గొట్టాలు రెండున్నా తుపాకి ఒకటే కదా. పెద్దకొడుకని నాన్నకి వచ్చింది. పెద్దబాబాయి మూడేళ్ళు మా గుమ్మం తొక్కలేదు. చిన్నబాబాయి “అన్నయ్యా, పెళ్ళిళ్ళకైనా ఓసారి ఇవ్వు, గాల్లోకి కాల్చుకుంటాం” అని బతిమాలేవాడు. ఇప్పుడాయన్ని అడగండి. 2019 సవరణ తర్వాత సంబరానికి కాల్చి పక్కవాళ్ళ ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ళ వరకూ జైలు, లేదా లక్ష వరకూ జరిమానా, లేదా రెండూ. “ఊదుబత్తులు వెలిగిస్తే చాల్లేరా” అంటున్నాడు.

నాన్న పోయాక లైసెన్సు నా పేరు మీదికి రావాలంటే మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలన్నారు కలెక్టరేట్లో. నా గుండె జారింది. దొడ్డి గోడ పక్కన రెండు గజాల స్థలానికి పెద్దబాబాయి సంతకం కోసం పాతికేళ్ళుగా తిరుగుతున్నాం. అలాంటిది తుపాకి అనగానే అందరి అఫిడవిట్లూ వారంలో వచ్చి పడ్డాయి. నోటరీ ముద్రలతో, అడక్కుండానే మూడేసి కాపీలు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు కొరియర్ ఖర్చు కూడా తనే పెట్టుకున్నాడు. పైగా ఫోన్ చేసి, “అన్నయ్యా, నువ్వే పెద్దవాడివి, అది నీ దగ్గర ఉంటేనే అందం” అన్నాడు. మా వంశంలో ఇంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు.

“పోనీ నీకు పంపేయనా? మీ దగ్గర తుపాకులు మామూలేగా” అన్నాను. వాడు తడుముకోకుండా చట్టాలు చదివాడు. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898లోనో అంతకు ముందో తయారైన తుపాకి తుపాకి కింద లెక్కే కాదట. మనది అంత పాతదని రుజువేదీ అన్నాడు. ఇటువైపు చూస్తే, వందేళ్ళు నిండితే అది 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దేశం దాటకూడదు. నిండకపోతే ఆయుధం, లైసెన్సు లేకుండా దాటకూడదు. ముసలిదైనా పడుచుదైనా మా దగ్గరే పడి ఉండాలి.

మాది ఒక్కటే కాబట్టి బతికిపోయాం. గోడ నిండా తుపాకులున్న బంగళాల బాధ వేరు. ఒక్కొక్కరికి మూడు దాకా ఉండొచ్చన్న నిబంధనని 2019లో రెండుకి తగ్గించారు. మొదట ఒక్కటే అన్నారు గానీ, వంశాల వాళ్ళు గగ్గోలు పెట్టడంతో రెండు దగ్గర ఆగింది. వారసత్వంగా వచ్చినా అదే లెక్క. తాత, ముత్తాత, ముత్తాత తండ్రి, వీళ్ళలో ఒకర్ని స్టేషనులో అప్పజెప్పాల్సిందే. కూర్గులో కొడవల అదృష్టం వేరు. వాళ్ళకి లైసెన్సు నుంచే మినహాయింపు, 2029 దాకా. సెప్టెంబరులో కైల్‌పోద్ పండక్కి తుపాకులకి పూలు పెట్టి దర్జాగా పూజ చేసుకుంటారు. మేమూ పూజ చేస్తాం, లైసెన్సు పుస్తకం పక్కన పెట్టుకుని.

నిజానికి తెల్లదొరల్ని గడగడలాడించిన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. ఆయనకి లైసెన్సు లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు. పైగా ఏమేం తీసుకున్నాడో స్టేషన్ పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్ళాడు అల్లూరి సీతారామరాజు. ఆయన రశీదు ఇచ్చి తుపాకులు తీసుకున్నాడు. మేం తుపాకి ఇచ్చి రశీదు తీసుకుంటున్నాం. వీరుడికీ వారసుడికీ తేడా ఏమిటని మనవడు అడిగితే ఇదే చెప్పాను.

జూన్ వెళ్ళింది, తుపాకి తెచ్చుకోమని కబురొచ్చింది. వెళ్తే, ఈలోపు లైసెన్సు గడువు అయిపోయింది, రెన్యువల్ అయ్యేదాకా ఇవ్వడానికి లేదన్నారు. ఇదివరకైతే కలెక్టరేట్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగేవాణ్ణి. ఈసారి ఎందుకో కాళ్ళు అటు నడవలేదు. ఆ ఏడు దసరాకి స్కూటరుకీ గ్రైండరుకీ మధ్య రశీదు పెట్టి, దానికి బొట్టు పెట్టాం. నూనె ఖర్చు కలిసొచ్చింది. అమ్మ మాత్రం దుప్పటి ఎప్పుడిస్తారని అడుగుతోంది.

మీ అటక మీద కూడా తాతగారి పరాక్రమం ఏదైనా గుడ్డలో చుట్టి ఉంటే ఒక్క మాట. లైసెన్సుదారు పోయాక ఆ తుపాకిని ఇంట్లో ఉంచుకోకూడదు. ఆలస్యం చేయకుండా స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి, ఆ తర్వాత మీ పేరు మీదికి దరఖాస్తు పెట్టుకోండి. లైసెన్సు లేని తుపాకికి ఇప్పుడు రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ దాకా జైలు. అక్కడ తాతగారి పేరు చెబితే ఎవరూ గడగడలాడరు.