నేనూ చీమనే

నన్ను చూసి చీమ అన్నవాళ్లు లేరు. రెక్కలు, ఉబ్బిన పెద్ద కళ్లు, పొడవాటి లావు పొట్ట! ఆఫ్రికాలో మమ్మల్ని సాసేజ్ ఈగలంటారు. పేగులో మాంసం కూరి చేసే తిండి పేరన్నమాట, ఏం చేస్తాం! డోరిలస్ హెల్వోలస్ అనే దండు చీమల్లో మగవాణ్ణి. దక్షిణాఫ్రికాలో ఓ రాత్రి వరండా దీపం కేసి ఎగిరి, దొరికిపోయి, గుండుసూదికెక్కి ఈ పెట్టెలో పడ్డాను.

1764లో మాకు పేరు పెట్టిన శాస్త్రవేత్త లిన్నేయస్ అంతటివాడే మమ్మల్ని కందిరీగల్లో కలిపేశాడు. ఆయన్నని ఏం లాభం? మా అక్కచెల్లెళ్లకు రెక్కలు లేవు, కళ్లు అసలే లేవు. బతుకంతా నేల కిందే. పక్కన నిలబెడితే ఒక తల్లి బిడ్డలమని ఎవరు నమ్ముతారు? అందుకే మా వంశంలో ఇప్పటికీ కొన్ని జాతులకు మగవాళ్లే తెలుసు, శ్రామిక చీమలెవరో తెలియదు.

శ్రామిక చీమలు దొరికితే పోల్చడం అంత కష్టం కాదు. నడుము చూడాలి. మా వాళ్లకు నడుములో ఒకటే కణుపు. పక్క సూదికున్న పనామా పిల్ల ఎసిటాన్ బర్చెలీకి రెండు, పైగా కళ్ల చోట చెరో చుక్క. దాని దండు అడవి నేల మీద వెడల్పుగా పరుచుకుని పోతుంది. దాని దాయాది ఎసిటాన్ హమేటమ్ సన్నని బారులు తీరి, వేరే చీమల పుట్టల్లోని పిల్లల్ని ఎత్తుకొస్తుంది. పెట్టెలోకొచ్చాక ఆ నడక ఎవరికి కనబడుతుంది?

ఏనిక్టస్ అనే మరో దండు చీమ మరీ చిన్నది. నడుముకు రెండు కణుపులున్నా కళ్లు లేవు. భారతదేశంలోనూ ఉంటుంది. అక్కడే మా బంధువు డోరిలస్ ఓరియంటాలిస్ బంగాళాదుంపలూ వేరుశెనగ కాయలూ తొలుస్తుంది. దండయాత్రల వంశంలో పుట్టి దుంపలు తినడమేమిటో!

ఆ దీపమే లేకపోతే పరాయి దండులో దూరేవాణ్ణి. అక్కడి ఆడచీమలు నా రెక్కలు పీకి రాణి దగ్గరికి ఈడ్చుకుపోయేవి. మా పెళ్లిళ్లు అంతే, రాణికి ఎగరడం రాదు మరి.

మొన్న నా కాలొకటి విరిచి డీఎన్‌ఏ పరీక్షకు పట్టుకెళ్లారు. ఎక్కడో పేరు తెలియని శ్రామిక చీమలు దొరికాయట, వాటితో సరిచూస్తారట. ఇంకా అయిదున్నాయిలెండి.