తొలి దశ, తుది సలహా

ఆర్థికశాస్త్ర వర్క్‌షాపుల్లో పీహెచ్‌డీ స్కాలర్లకంటూ ఒక సెషన్ ఉంటుంది. చాలాచోట్ల అది రెండోరోజు, మధ్యాహ్న భోజనం తర్వాత. అప్పటికి పెద్దల ప్రసంగాలు అయిపోతాయి, ఫొటోగ్రాఫరు వెళ్ళిపోతాడు, ఏసీ ఒక్కటే మహా ఉత్సాహంగా పనిచేస్తుంటుంది. తొలి దశ పరిశోధనకి మనం పెట్టిన ముహూర్తం అది.

మొదటి స్లైడు అడుగున ‘ప్రాథమిక ఫలితాలు, దయచేసి ఉటంకించవద్దు’ అని రాసి ఉంటుంది. ఉటంకించాలంటే ముందు వినాలి కదా. ముందు వరస తన స్లైడ్లు దిద్దుకుంటోంది, వెనక వరస కునుకు తీస్తోంది. ఎవరైనా ఉటంకిస్తారేమోనన్న భయం అనవసరం.

‘తొలి దశ’ అన్న మాటకున్న మహిమ ఏ మంత్రానికీ లేదు. శాంపిల్ నలభై ఇళ్ళేనేమిటమ్మా? ‘ఇంకా తొలి దశే సార్.’ అప్పుల వల్ల పేదరికమా, పేదరికం వల్ల అప్పులా? ‘తొలి దశే సార్, చూస్తున్నాం.’ సరే, ఒప్పుకున్నాం. మరి కేంద్రం ఏం చేయాలో, రిజర్వ్ బ్యాంకు ఏం మానుకోవాలో, డ్వాక్రా సంఘాలకు వడ్డీ ఎంత తగ్గించాలో ఆఖరి స్లైడులో అంత ఖరారుగా ఎలా తేలిపోయింది? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈ హాల్లో సోమలింగాన్ని ‘పాలసీ ఇంప్లికేషన్స్’ అని పిలుస్తారు.

పిల్లల్నే అంటే పాపం. వాళ్ళ చేతికి మనం ఇచ్చిన అంకెలేమిటి? కుటుంబాలు దేనికెంత ఖర్చు పెడుతున్నాయో చెప్పే జాతీయ సర్వే 2011-12 తర్వాత 2017-18లో జరిగింది. డేటా నాణ్యత బాగాలేదంటూ 2019లో ప్రభుత్వం ఆ ఫలితాల్ని పక్కన పడేసింది. మళ్ళీ సర్వే 2022-23లో. అంటే 2011-12లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఇంటర్ పరీక్షలు రాసేదాకా మన పేదరిక పరిశోధన చాలావరకు ఆ పాత ఏటి బియ్యం, పప్పుల లెక్కల మీదే బతికింది. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు ఆ ఏడు జరగనేలేదు.

అంకెలు లేనప్పుడు వాన ఉంది. వాన మన చేతిలో లేదు కాబట్టి దాన్ని ఆసరా చేసుకుంటే ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయొచ్చని ఒక పద్ధతి. 2004లో మిగెల్, సత్యనాథ్, సెర్జెంటి అనే పరిశోధకులు కలిసి ఆఫ్రికాలో వానలు తగ్గితే ఆదాయాలు పడిపోయి అంతర్యుద్ధాలు పెరుగుతాయని ఈ పద్ధతిలోనే చూపించారు. మంచి పేపరు. ఆ తర్వాత పట్టుకుంది జడివాన. పెళ్ళి వయసుకీ వానే, ఓటుకీ వానే, బడి మానేయడానికీ వానే. చిక్కల్లా ఒకటే: వాన ఆ ఒక్క ఆదాయం దారినే వచ్చి పనిచేయాలి, ఇంకో దారి తొక్కకూడదు. జోనథన్ మెల్లన్ అనే పరిశోధకుడు కూర్చుని లెక్కపెడితే ఈ షరతు చెడే దారులు 194 తేలాయి. డోకూరులో ఏ రైతునడిగినా వానొస్తే దారి బురదవుతుందనీ, దోమలొస్తాయనీ, పిల్లాడు బడికి పోడనీ చెబుతాడు. పాలమూరులో ఉన్న ఆ ఊళ్ళో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు 1975 నుంచి ఇంటింటి లెక్కలు రాశారు. మన స్కాలరుకి అంత తీరికెక్కడిది? ఫెలోషిప్పు అయిపోతుంటే ఊళ్ళో మకాం పెట్టనిచ్చే గైడెవరు?

అసలు ఈ వర్క్‌షాపుల జాతర ఎందుకు పెరిగిందో చెప్పాల్సింది ఆర్థికవేత్తలే. థీసిస్ ఇచ్చేలోగా ఒక వ్యాసం అచ్చు కావాలి, సదస్సుల్లో రెండు పేపర్లు చదవాలి అని యూజీసీ 2016లో నిబంధన పెట్టింది. గిరాకీ పుట్టగానే సరఫరా పుట్టింది: ఫ్లెక్సీలు, ఫైళ్ళు, రిజిస్ట్రేషన్ రుసుములు, పేరు తప్పుగా అచ్చయిన సర్టిఫికెట్లు. 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. ఫ్లెక్సీ మాత్రం దిగలేదు. ప్రోత్సాహకాలు మనుషుల్ని ఎలా ఆడిస్తాయో పొద్దున్నే పాఠం చెప్పిన ప్రొఫెసరు సాయంత్రం అవే సర్టిఫికెట్ల మీద వరసగా సంతకాలు పెడతాడు.

ఇక వ్యాఖ్యల ఘట్టం. ‘ఇది ప్రశ్న కాదు, చిన్న పరిశీలన’ అంటూ ఒక పెద్దాయన లేస్తాడు. అక్కణ్ణుంచి ఆయన పాత పేపరు, దాన్ని ఎవరు మెచ్చుకున్నారు, ఎవరు మెచ్చుకోలేదు. స్కాలరు పెన్ను పట్టుకుని శ్రద్ధగా రాసుకుంటున్నట్టు నటిస్తుంది. ఆడపిల్ల కాబట్టి ఇంకో ఇద్దరు ఎక్కువ లేస్తారు. వెక్కిరింతకి అంటున్నది కాదిది. ఆర్థికవేత్త పాస్కలిన్ డూపా బృందం అమెరికా సెమినార్లలో కూర్చుని లెక్కకట్టి 2021లో చెప్పింది: మాట్లాడేది మహిళైతే ప్రశ్నలు ఎక్కువ, వాటిలో తీసిపారేసేవీ, కయ్యానికి దిగేవీ ఎక్కువ. మన దగ్గర లెక్కకట్టినట్టు ఎక్కడా వినలేదు కాబట్టి మనం సంస్కారవంతులం.

తొలి దశ పని అంటే ఏమిటో చూడాలంటే థామస్ హెర్న్‌డన్‌ని చూడాలి. అప్పట్లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ విద్యార్థి. అచ్చయిన ఏదో ఒక పేపరు ఫలితాన్ని మళ్ళీ రాబట్టి చూపించమని క్లాసులో హోంవర్కు ఇచ్చారు. ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్‌ల 2010 పేపరు తీసుకున్నాడు. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి సున్నా కిందికి, మైనస్ 0.1 శాతానికి పోతుందని చెప్పి, దేశదేశాల్లో ఖర్చుల కోతకి ఊతమిచ్చిన పేపరది. ఎంత చేసినా అతనికి ఆ అంకె రాలేదు. రచయితల్నే ఎక్సెల్ షీటు అడిగాడు. ఇచ్చారు, అది వాళ్ళ మర్యాద. తీరా చూస్తే ఫార్ములాలో ఐదు దేశాలు జారిపోయాయి, మరికొన్ని ఏళ్ళ అంకెలు కలపలేదు, సగటు తీసిన తీరూ వింతగా ఉంది. అన్నీ సరిచేస్తే 2.2 శాతం. 2013లో ఈ సంగతి బయటపడింది.

ఇదే హోంవర్కు మన వర్క్‌షాపుకి పంపి ఉంటే జవాబు ఇలా వచ్చేది: ‘మీ సారాంశం అందింది. కొత్తదనం లేదు. సాహిత్య సమీక్ష బలహీనం. పాలసీ ఇంప్లికేషన్స్ అసలే లేవు. అయినా యువ పరిశోధకుల్ని ప్రోత్సహించే ఉద్దేశంతో పోస్టర్ సెషన్‌లో చోటిస్తున్నాం. రుసుము చెల్లించిన రసీదు జతచేయగలరు. భోజనం కూపన్ మొదటిరోజుకి మాత్రమే.’