ఫిబ్రవరిలో మంచు దొరికింది, కేసు కొట్టేయండి

2015 ఫిబ్రవరి 26న అమెరికా సెనేట్‌లో ఓక్లహోమా సభ్యుడు జేమ్స్ ఇన్‌హోఫ్ గారు ప్లాస్టిక్ సంచిలోంచి ఒక మంచుముద్ద తీశారు. ఆయన ఏదో వెనక బెంచీ సభ్యుడు కాదు, సాక్షాత్తూ పర్యావరణ కమిటీ అధ్యక్షుడు. రికార్డుల్లోకెల్లా వేడి సంవత్సరం 2014 అని ఊదరగొడుతున్నారు కదా, మరి ఇదేమిటి, ఇప్పుడే బయట్నించి తెచ్చాను, బయట చలి చంపేస్తోంది అన్నది ఆయన వాదన. ఇది కాలం కాని కాలంలో చలి అని కూడా సెలవిచ్చారు. ఫిబ్రవరిలో. వాషింగ్టన్‌లో. ఆపైన పట్టుకోమంటూ ఆ ముద్దను అధ్యక్షస్థానం వైపు విసిరారు. భూగోళమంతా కొలిచి తీసిన సగటుకి గుప్పెడు మంచుతో జవాబు చెప్పేశాక, ఇక శాస్త్రవేత్తలు ఇళ్ళకు పోయి ముసుగుతన్ని పడుకోవడమే తరువాయి.

ఓక్లహోమా పెద్దాయన్ని చూసి నవ్వే హక్కు మనకెంత ఉందో మన వాట్సాప్ గ్రూపుల్లో చూసుకోవచ్చు. జనవరిలో లంబసింగి వెళ్ళొచ్చిన పెద్దమనిషి మంకీ క్యాపుతో సెల్ఫీ పెట్టి, కింద ‘గ్లోబల్ వార్మింగట, ఎక్కడండీ బాబూ?’ అని రాస్తాడు. బొటనవేళ్ళూ నవ్వు బొమ్మలూ వరసకడతాయి. అదే పెద్దమనిషి మే నెలలో రెంటచింతల ఉష్ణోగ్రత ఫార్వర్డ్ చేసి, మా చిన్నప్పుడు ఇలాంటి ఎండలెరగం, ఈ భూమ్మీద ఇక బతకలేం అంటాడు. ఈ నాలుగు నెలల్లో ఆయన కొత్తగా చదివిందేమీ లేదు. స్వెటరు విప్పాడు, అంతే.

ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు. 2011లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ జనాన్ని అడిగి చూశారు. ఇవాళ మామూలు కంటే వేడిగా ఉందనుకున్నవాళ్ళు భూతాపాన్ని ఎక్కువ నమ్మారు, చల్లగా ఉందనుకున్నవాళ్ళు తక్కువ. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో కొందరిని వేడెక్కించిన గదిలో కూర్చోబెట్టి అడిగితే నమ్మకం పెరిగింది. అంటే ఇంత శాతం నమ్ముతున్నారు, అంత శాతం నమ్మడం లేదు అని టీవీలో రంగుల బొమ్మ గీసి చూపించే అంకెలో కొంత వాటా హీటరుది. ఎన్నికల సర్వేవాళ్ళు కులం అడుగుతారు, వయసు అడుగుతారు. వాతావరణం మీద సర్వే చేసేవాళ్ళు ఏసీ ఎంతలో పెట్టుకున్నారో కూడా రాసుకోవాలి.

నిజం చెప్పాలంటే ఈ చెమట అవతలి పక్షానికీ పనికొచ్చింది. 1988 జూన్ 23న నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ సెనేట్ కమిటీ ముందు భూమి వేడెక్కుతోందని చెప్పిన రోజు వాషింగ్టన్‌లో ఎండ మండిపోతోంది, దేశంలో కరువు. అందుకే మొదటి పేజీకెక్కింది. అదే మాట ఏ జనవరిలోనో చెప్పి ఉంటే లోపలి పేజీల్లో సంతాప ప్రకటనల పక్కన పడి ఉండేదేమో. కాకపోతే హాన్సెన్ లెక్కలు ఆ మధ్యాహ్నపు చెమటలోంచి పుట్టినవి కావు. హవాయిలో మౌనా లోవా కొండ మీద 1958 నుంచి గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలుస్తున్నారు. అప్పుడు పది లక్షల పాళ్ళకి 315 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. ఆ యంత్రం ఇన్నేళ్ళలో ఎవరి అభిప్రాయమూ అడగలేదు.

అభిప్రాయం అడగడం సెనేట్ పని. మంచుముద్దకి నెల ముందు, జనవరి 21న, వాతావరణ మార్పు నిజమే, బూటకం కాదు అన్న వాక్యం మీద అక్కడ ఓటింగ్ పెట్టారు. 98 మంది అవునన్నారు, ఒక్కాయన కాదన్నారు. ఆ 98 మందిలో ఇన్‌హోఫ్ గారూ ఉన్నారు! ఇదంతా పచ్చి బూటకమని 2012లో ఏకంగా పుస్తకమే రాసిన మనిషి. వాతావరణం ఎప్పుడూ మారుతూనే వచ్చింది, బైబిల్లోనే సాక్ష్యం ఉంది, మానవమాత్రుడు దాన్ని మార్చగలడనుకోవడమే అహంకారం అని ఆయన భాష్యం. అదే రోజు ఇంకో వాక్యం వచ్చింది: ఈ మార్పుకి మనుషుల పనులు చెప్పుకోదగ్గ కారణం. 50 మంది అవును, 49 మంది కాదు. నెగ్గాలంటే 60 కావాలి, వీగిపోయింది. ఇల్లు తగలబడుతోందని ఊరంతా ఒప్పుకుని, అగ్గిపెట్టె మాట ఎత్తినవాణ్ణి నోరుమూసుకోమన్నట్టు. ఇంతకీ ఈ రెండు వాక్యాలూ ఏ బిల్లుకి సవరణలనుకున్నారు? కెనడా నుంచి చమురు తెచ్చే కీస్టోన్ పైప్‌లైన్ బిల్లుకి.

సెనేట్ కనీసం ఉన్నదాని మీద ఓటేసింది. నార్త్ కరోలినా శాసనసభ రాబోయేదాని మీద వేసింది. 2100 నాటికి సముద్రం 39 అంగుళాలు, అంటే మీటరు, పెరుగుతుందని లెక్కలోకి తీసుకోమని 2010లో ఆ రాష్ట్ర తీర కమిషన్ నియమించిన శాస్త్రవేత్తలే చెప్పారు. బీచ్ పక్క స్థలాలమ్మేవాళ్ళ గుండెల్లో రాయి పడింది. 2012లో బిల్లు ముసాయిదా వచ్చింది. సముద్రం 1900 నుంచి ఏ వేగంతో పెరిగిందో ఇకముందూ అదే వేగంతో పెరుగుతుందని లెక్కవేయాలట, వేగం పుంజుకుంటుందని అంచనా వేయకూడదట. అట్లాంటిక్‌కి స్పీడ్ బ్రేకరు వేశారన్నమాట. దేశమంతా పకపకా నవ్వేసరికి కాస్త సర్దుకుని, 2016 జూలై 1 దాకా కమిషన్ అసలు ఏ అంకే ఖాయం చేయకూడదని చట్టం చేశారు.

సముద్రానికి ఆ చట్టం ప్రతి అందినట్టు లేదు. ఆ రాష్ట్రంలోనే రోడాంథె అనే ఊళ్ళో కర్రస్తంభాల మీద కట్టిన బీచ్ ఇళ్ళు 2020 నుంచి ఒకటొకటిగా నీళ్ళలోకి ఒరిగిపోతున్నాయి. మెట్లు, మేకులు తేలిన చెక్కలు, పరుపులు, ఇంటి సామాను మైళ్ళ దూరం ఒడ్డున పడుతున్నాయి. ఆ ఇసుక తీరం జరగడం పాత సంగతే, పెరుగుతున్న నీటిమట్టం దానికి తోడైంది. అదే రాష్ట్రంలో లోపలి వైపు క్యారీ, మోరిస్‌విల్‌లలో స్థిరపడ్డ మనవాళ్ళు ఈశాన్యాన నీళ్ళుంటే శుభమని చూసి మరీ ఇల్లు కొంటారు. రోడాంథెలో తూర్పు నీళ్ళు నడింట్లోకే వచ్చాయి. దీనికి వాస్తు ఏమంటుందో సిద్ధాంతి గారినే అడగాలి.

ఈ నమ్మకాల ఊగిసలాటంతా జనానిదీ, జనం ఎన్నుకున్నవాళ్ళదీ. చమురు అమ్మేవాళ్ళకి ఇంత సందేహం ఎప్పుడూ లేదు. 1977లోనే ఎక్సాన్ సొంత శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ పై అధికారులకి సంగతంతా విప్పి చెప్పాడు. ఆ తర్వాత కంపెనీ శాస్త్రవేత్తలు వేసుకున్న అంచనాలను తిరగేసిన విశ్లేషణ ఒకటి 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పదేళ్ళకి ఇంచుమించు 0.2 డిగ్రీల చొప్పున వేడెక్కుతుందన్న వాళ్ళ లెక్క, తర్వాత జరిగినదానికి చక్కగా సరిపోయిందట. బయట మాత్రం అదే కంపెనీ 2000లో డబ్బిచ్చి మరీ, ఈ శాస్త్రం ఇంకా తేలలేదని పత్రికల్లో వేయించింది. అది చదివిన జనాన్ని సర్వేవాళ్ళు అడుగుతారు, తేలిందంటారా, తేలలేదంటారా? తేలలేదండీ అంటారు జనం. ఆ శాతం పట్టుకుని సభలో పెద్దలు, జనమే నమ్మనప్పుడు మేమేం చెయ్యగలం అని చేతులెత్తేస్తారు.

కాబట్టి ఈసారి వాతావరణం మారుతోందా అని సర్వేవాళ్ళు ఫోన్ చేస్తే, మాకు తెలీదు నాయనా, ఎక్సాన్ వాళ్ళ పాత ఫైళ్ళు చూసుకో అని పెట్టేయండి. వాళ్ళ అంకెలు కరెక్టుగానే ఉన్నాయి.